గద్దలా, ఎలుగుబంట్లా?

టిమరు
మార్చి, 1989

ఒసే యూనా,

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నేను గొంతు తగ్గిస్తే చాలు, రాయ్ పక్కగదిలోంచి చెవులు రిక్కిస్తాడు. మా ఆయన చెవిలో పడ్డ రహస్యం సాయంత్రానికల్లా ఊరంతా తిరిగొస్తుంది. అందుకని ఉత్తరం. చదివాక పొయ్యిలో పడెయ్.

నీతో ఒక పని పడింది. నువ్వు మా తమ్ముడి మీద గూఢచర్యం చెయ్యాలి.

నవ్వకు. ఈ సంగతి నేనెప్పుడు ఎత్తినా నువ్వు తలాడించడమే తప్ప వినవు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. కోలాక్ బేలో, సముద్రం ఒడ్డున మా అక్కాతమ్ముళ్ళ ఉమ్మడి రేకుల ఇల్లుంది కదా. కొత్త సంవత్సరం ఎండల్లో అది ఎవరిదన్నది ఏటా జూన్‌లో నేనూ ఫెర్గసూ యుద్ధం చేసి తేల్చుకుంటాం. ఇన్వర్‌కార్గిల్ క్లబ్బు హాల్లో, బల్ల మీద, సీసపు బొమ్మలతో, పాచికలతో. గెలిచినవాళ్ళకి జనవరి, నడి ఎండాకాలం. ఓడినవాళ్ళకి జూలై, నడి చలికాలం. జూలైలో అక్కడ వాన అడ్డంగా కొడుతుంది, తడికట్టెలు ఊదలేక ఊపిరి పోతుంది. వరసగా రెండేళ్ళు నాకు జూలైయే దక్కింది. ఈసారి కూడా ఓడితే రాయ్ నన్ను వదిలేసి ఎండ ఉన్న ఇంకెవర్నైనా చూసుకుంటానంటున్నాడు.

నాది అస్థిపంజరాల సైన్యం. వాటికి భయం లేదు, ఆకలి లేదు, బుర్ర అసలే లేదు. వెనకాల నిలబడ్డ నా మాంత్రికుడు చచ్చాడా, మొత్తం బొమికల కుప్ప. వాడిది పొట్టివీరుల సైన్యం. గడ్డాలు, గొడ్డళ్ళు, ఇనపముద్దలు. తొందరగా కదలరు, తొందరగా చావరు. అయితే సైన్యంలో నాలుగో వంతు ఇంకో జాతి నుంచి మిత్రసేనగా తెచ్చుకోవచ్చు. నా మాంత్రికుడి దాకా రావాలంటే వాడికి కాళ్ళున్న మిత్రులు కావాలి. ఎగిరొచ్చే గద్దల రౌతులనైనా తేవాలి, దూసుకొచ్చే ఎలుగుబంటి రౌతులనైనా తేవాలి. గద్దలైతే నాకు మిత్రులుగా బురదనేల విలుకాళ్ళు కావాలి. ఎలుగుబంట్లయితే పొడుగు బల్లేల వాళ్ళు కావాలి. రెండూ తెచ్చుకోవడానికి లేదు. పైగా రంగు పూర్తికాని బొమ్మని ఆ క్లబ్బులో బల్ల ఎక్కనివ్వరు. కాబట్టి ఎవరికి రంగులెయ్యాలో నాకు ఇప్పుడే తెలియాలి.

ఇందులో నువ్వెందుకంటావా? బొమ్మల అంచులు గీకడానికి వాడికి సన్నటి ఇనప కొక్కేలు కావాలట. బడిపిల్లల పళ్ళు గీకే నర్సు దగ్గర లేనివి ఇంకెవరి దగ్గరుంటాయి? "డునెడిన్ హాస్టల్లో నా గదిలో ఉండేదే, యూనా, ఈమధ్యే మీ ఊరికి బదిలీ అయింది, వెళ్ళి అడుగు" అని నేనే పంపాను. బ్లఫ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచి తిన్నగా వస్తాడు, ముక్కు మూసుకో. టీ ఇవ్వు. మాట్లాడించు. గద్దలా, ఎలుగుబంట్లా, అదొక్కటి కనుక్కో.

నీ ఐల్సా


ఇన్వర్‌కార్గిల్
ఏప్రిల్

ఐల్సా,

నీకు సిగ్గులేదు. నాకూ లేదని ఈ వారమే తెలిసింది.

మీ తమ్ముడొచ్చాడు. తలుపు తీస్తే గుమ్మం నిండా మనిషి.

"యూనా గారేనండీ? మా అక్క పంపింది."

"తెలుసు. రండి."

"బూట్లండీ..."

"విప్పండి."

విప్పాడు. మేజోడుకి చిల్లు, అందులోంచి బొటనవేలు. దాన్ని రెండో పాదంతో కప్పుకుని కొంగలా నిలబడ్డాడు. అరిగిపోయిన కొక్కేలు అరడజను ఇచ్చాను. ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి చూసి, "అబ్బ, ఎంత బాగున్నాయండీ" అన్నాడు. నా ఉద్యోగంలో వాటిని చూసి ఏడ్చినవాళ్ళే గానీ మెచ్చుకున్నవాళ్ళు లేరు.

టీ ఇచ్చాను. వాతావరణం గురించి అడిగినట్టే అడిగాను. "ఇంతకీ ఈసారి మిత్రసేనగా ఎవర్ని తెస్తున్నారు?"

కప్పు కింద పెట్టాడు. "మీరు ఈ ఆట ఆడతారా?"

"అబ్బే, లేదండీ."

"మరి మిత్రసేన అనే మాట ఎక్కడ విన్నారు?"

"రేడియోలో" అన్నాను.

ఐల్సా, నేను దీనికి పనికిరాను. రేడియోలో! అతను మాత్రం, "ఓ, రేడియోలోనా" అని బుద్ధిమంతుడిలా తలూపాడు. ఆ తర్వాత గంటసేపు పొట్టివీరుల గడ్డాలకి ఎన్ని రకాల ఎరుపు కావాలో చెప్పాడు. గద్దల మాట లేదు, ఎలుగుబంట్ల మాట లేదు. గడ్డాలే గడ్డాలు. నీ తమ్ముణ్ణి భరించడానికి నీకు మెడల్ ఇవ్వాలి.

వెళ్తూ వెళ్తూ కాగితంలో చుట్టిన ఆల్చిప్పలు బల్ల మీద పెట్టాడు. వంటింట్లో నిలబడే అన్నీ తినేశాను. నిమ్మకాయ కూడా పిండుకోలేదు. అది మాత్రం నిజంగా బాగుంది.

యూనా


టిమరు
ఏప్రిల్

నా బంగారు గూఢచారీ,

రేడియో! రెండు రోజులుగా గిన్నెలు కడుగుతూ నవ్వుతున్నాను. రాయ్ కారణం అడిగితే నేనూ "రేడియోలో విన్నాను" అన్నాను.

నిరాశపడకు. వాడు గడ్డాల గురించి మాట్లాడాడంటే దాస్తున్నాడని అర్థం. ఒక కిటుకు చెబుతాను. వాడు అబద్ధమాడితే మొహం మారదు, చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పుడు కేకు ఎవరు తిన్నారని అడిగితే మా అమ్మ వాడి మొహం చూసేది కాదు, జుట్టు పైకెత్తి చెవులు చూసేది. ఈసారి "గద్దలంటే నాకు భలే ఇష్టమండీ" అను. చెవులు చూడు.

ఇంకోసారి పిలవడానికి వంక కావాలంటే, కొక్కేలు ఇంకా దొరికాయని చెప్పు. లేకపోతే మీ ఇంటి పైకప్పు కారుతోందని చెప్పు. నిచ్చెన ఎక్కే పనంటే వాడు ఎక్కడికైనా వస్తాడు. నీకు కాస్త విసుగే, తెలుసు. ఎండాకాలంలో నిన్ను కోలాక్ బేకి పిలుస్తాను, మంచి మంచం నీకే.

ఐల్సా


ఇన్వర్‌కార్గిల్
మే

ప్రియమైన ఐల్సా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. బడుల్లో పళ్ళ తనిఖీలు, పైగా చలి.

పైకప్పు నిజంగానే కారుతోంది కాబట్టి ఫెర్గస్‌ని పిలవడం అబద్ధమేం కాలేదు. వచ్చి బాగుచేశాడు. ఎంత శ్రద్ధో! పక్కింటివాళ్ళ పైకప్పు కూడా చూసి, "ఇదీ పోయేలా ఉంది" అని దాన్నీ బాగుచేసి వచ్చాడు. తర్వాత ఆదివారం తన బొమ్మలు చూడమని పిలిచాడు. నీ పని మీదే వెళ్ళాను. చిన్న గది, కిటికీ కింద బల్ల, దీపం. ఫెర్గస్ చేతులు చూశావా ఎప్పుడైనా? ఆల్చిప్పల కత్తి గాట్లు, అంత లావు వేళ్ళు, వాటి మధ్య వెంట్రుకంత కుంచె. కళ్ళు పెట్టే దగ్గర మాత్రం చెయ్యి వణుకుతుందట. "ఇలా ఇవ్వండి" అని తీసుకుని నేను పెట్టాను. కదిలే పిల్లల నోట్లో పని చేసే చెయ్యి కదా, బొమ్మ కదలదు, హాయిగా ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి చూశారు. "మీరు పెట్టాక వీడికి మనసొచ్చిందండీ" అన్నారు.

ఫెర్గస్ ఏమంటారంటే, యుద్ధంలో మిత్రుల్ని బలం చూసి ఎంచుకోకూడదట. మనకి లేనిదేదో వాళ్ళ దగ్గర ఉండాలట, వాళ్ళకి లేనిదేదో మన దగ్గర ఉండాలట. అప్పుడే కలిసి నిలబడతారట. ఆలోచిస్తే నిజమే అనిపించింది.

చెవులు చూడటం మరిచిపోయాను. ఈసారి చూస్తాను.

అక్కడ చలి ఎలా ఉంది? రాయ్ దగ్గు తగ్గిందా?

యూనా


టిమరు
మే

యూనా,

రాయ్‌కి దగ్గు లేదు. ఎప్పుడూ రాలేదు.

నీ ఉత్తరం దీపం కింద పెట్టి చదివాను. ఏప్రిల్లో "మీ తమ్ముడు". మేలో మొదట "ఫెర్గస్". పేజీ సగానికొచ్చేసరికి "ఆయన". ఎవరే ఆ ఆయన? బొటనవేలు కనబడే మేజోడు ఆయనా?

నేను గద్దలా, ఎలుగుబంట్లా అని అడిగితే నువ్వు చేతులు, దీపం, కుంచె అని రాస్తున్నావు. ఏ బొమ్మకి కళ్ళు పెట్టావో కూడా రాయలేదు. నిన్ను శత్రువు కోటలోకి పంపిస్తే కిటికీ తెరలు బాగున్నాయని కబురు పెడుతున్నావు.

నీకు మతి ఉందో పోయిందో నాకనవసరం. ఒక్క ముక్క రాయి. గద్దలా? ఎలుగుబంట్లా?

ఐల్సా


ఇన్వర్‌కార్గిల్
మే

ఐల్సా,

గద్దలు.

ముక్కులకి పసుపు రంగు నేనే వేశాను. ఎలుగుబంట్లు ఆ ఇంట్లో ఒక్కటి కూడా లేవు. ఇది నిజం. ఒట్టు.

యూనా


టిమరు
మే చివర

నా బంగారు యూనా,

ఎంత మంచిదానివే! నీ మాట నాకు వేదవాక్కు. అనుమానించినందుకు నన్ను క్షమించు, నాకసలే నోటి దురుసు. ఈ రోజే బురదనేల విలుకాళ్ళ పెట్టె తెరిచాను. ముద్దొస్తున్నారు, అందరూ మోకాళ్ళ దాకా బురదలో ఉన్నారు. ఒక్కొక్కడికీ రంగులేస్తూ నిన్నే తలుచుకుంటున్నాను.

జూన్‌లో హాల్లో కలుద్దాం. మీ క్లబ్బు ఆడవాళ్ళు చీజ్ రోల్స్ చేస్తారుగా, నాకు రెండు దాచు.

ముద్దులతో,
ఐల్సా


టిమరు
జూన్

యూనా!

నువ్వు నిజం చెప్పావు!

డునెడిన్ రోజుల నుంచీ నిన్నెరుగుదును. నువ్వు ఇంత ద్రోహం చేస్తావని కలలో కూడా అనుకోలేదు.

నువ్వు టీ కెటిల్ దగ్గర ఉన్నావు, చూసి ఉండవు, కాబట్టి చెబుతాను. నేను పెట్టె తెరిచి పొడుగు బల్లేల వాళ్ళని ముందు వరసలో నిలబెట్టాను. అవును, బల్లేల వాళ్ళనే. విలుకాళ్ళని నేను కొనలేదు, రంగూ వెయ్యలేదు. నీ ఉత్తరంలో "ఒట్టు" చూడగానే ఇది అబద్ధమని తేల్చేసుకున్నాను. నిజం చెప్పేవాళ్ళకి ఒట్టుతో పనేముంది? నువ్వు వాడి వైపు వెళ్ళిపోయావు, వాడు రాయమన్నది రాశావు, గద్దలని రాశావంటే వచ్చేది ఎలుగుబంట్లే అనుకున్నాను. రాత్రింబవళ్ళు బల్లేలకి మెరుగులు పెట్టాను.

వాడు బల్లేలు చూశాడు. నన్ను చూశాడు. "అక్కా, బల్లేలు ఎందుకు తెచ్చావు?" అన్నాడు.

"నా ఇష్టం" అన్నాను.

"యూనా నీకు రాయలేదూ?"

గారు లేదు. ఉత్త యూనా. చుట్టూ నిలబడ్డ క్లబ్బు వాళ్ళందరూ నవ్వు ఆపుకుంటున్నారు. వాడు పాత తువ్వాలు విప్పి ఒక్కొక్క గద్దనే తీశాడు. పసుపు ముక్కులు. రౌతులందరికీ కళ్ళు, ఎంత సజీవమైన కళ్ళో! ఒక్కొక్కరూ నన్నే చూస్తున్నారు. నా బల్లేల వాళ్ళ తలల మీదుగా, ఒక్క వెంట్రుక తగలకుండా ఎగిరి నా మాంత్రికుడి మీద వాలారు. నాకు రెండోసారి ఆడే వంతు రాకముందే మొత్తం బొమికల కుప్ప. బల్లేల వాళ్ళు మాత్రం ఎలుగుబంట్ల కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డారు, పాపం.

నేను టీ తాగకుండా ఎందుకు వెళ్ళిపోయానో ఇప్పుడు తెలిసిందా? బయట కారెక్కుతూ కిటికీలోంచి చూశాను. నీ నీలం స్వెటర్ వాడి కుర్చీ మీద ఉంది. వాడు దాన్ని మడతపెడుతున్నాడు. వాడి బట్టలు వాడు ఏనాడూ మడతపెట్టి ఎరగడు.

ఒక్కటి చెప్పు. నేను నమ్మనని వాడికెలా తెలుసు?

ఐల్సా


ఇన్వర్‌కార్గిల్
జూన్

ఐల్సా,

అన్నీ చెబుతాను, నువ్వు చింపకుండా చదువు.

గద్దల ముక్కులకి రంగు వేస్తున్న రోజు నాకు మనసొప్పలేదు. కుంచె కింద పెట్టి, "మీ అక్క నన్ను మీ మీద నిఘాకి పెట్టింది" అన్నాను. ఆయన నవ్వారు. ఎంత నవ్వారంటే నీళ్ళ గ్లాసు ఒలికి ఒక పొట్టివీరుడి గడ్డం కరిగిపోయింది.

"రేడియో అన్నప్పుడే తెలుసు" అన్నారు.

"మరి ఎందుకు వస్తూ ఉన్నారు?"

"మీరు అడుగుతూ ఉంటారని."

"ఇప్పుడు ఐల్సాకి ఏం రాయను? దానితో నేను అబద్ధం ఆడలేను."

"ఆడొద్దు. ఉన్నదున్నట్టు రాయండి. మా అక్క అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తుంది. నిజం కనబడితే మాత్రం దాని వెనక్కి వెళ్ళి వెతుకుతుంది, అక్కడేమీ లేకపోయినా."

అందుకే అలా రాశాను. నేను నీకు కొన్ని దాచాను, ఒప్పుకుంటాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదు. విలుకాళ్ళ పెట్టె తెరిచానని రాసింది నువ్వు. వాళ్ళు మోకాళ్ళ దాకా బురదలో ఉన్నారని కూడా రాశావు. నన్ను తలుచుకుంటూ రంగులేస్తున్నానన్న మాట చదివి నేను ఏడ్చాను, తెలుసా? హాల్లో నీ పెట్టెలోంచి బల్లేలు బయటికి రావడం కెటిల్ పక్క నుంచి చూశాను. నీకు దాచిన చీజ్ రోల్స్ చేతిలోనే చల్లారిపోయాయి.

ఇంకొకటి. ఆయన నన్ను పెళ్ళి చేసుకోమని అడిగారు. హాల్లో కాదు, ఆ తర్వాతి ఆదివారం, మా ఇంటి పైకప్పు మీద నుంచి, చేతిలో సుత్తితో. నేను సరేనన్నాను. నిచ్చెన దిగి రాబోయి ఒక మెట్టు మరిచిపోయారు. కాలు బెణికింది, పెద్దగా ఏమీ లేదు.

జనవరిలో, కోలాక్ బేలో పెళ్ళి. అడగాలని ముందే అనుకున్నారట, అందుకే ఆయన ఈసారి గెలవాలని అంత పట్టుబట్టారు. నువ్వు నా పక్కన ఉండాలి. ఈ వయసులో నాకు దొరికిన పెళ్ళిని నీకు చాటుగా చేసుకోలేను.

ఇట్లు,
కాబోయే ఆడపడుచుకి భయపడుతూ,
యూనా


ఇన్వర్‌కార్గిల్
జూలై

ఐల్సా,

జవాబు లేదు. రోజూ పోస్టుమన్ వచ్చే వేళకి గుమ్మంలో నిలబడుతున్నాను. ఫెర్గస్ ఫోన్ చేస్తే రాయ్ తీసి, "ఆవిడ తోటలో ఉంది" అన్నాడట. ఇంత చలిలో, చీకటి పడ్డాక, తోటలో!

తిట్టాలనుంటే తిట్టు. ఒక పేజీ నిండా తిట్టు. ఖాళీగా మాత్రం ఉంచకు.

యూనా


కోలాక్ బే
జూలై

యూనా,

ఓడినవాళ్ళ నెల కదా, వచ్చాం. వాన అడ్డంగానే కొడుతోంది. రాయ్ పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని కట్టెలని బతిమాలుతున్నాడు. నీ రెండు ఉత్తరాలూ కోటు జేబులోనే ఉన్నాయి, ఇక్కడికీ మోసుకొచ్చాను.

తిట్టడానికే కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్టి రాయ్‌కిచ్చాను. అంటించడానికి బాగా పనికొచ్చాయి.

కోపం గద్దల మీద కాదు. రాయ్ మంచివాడే, కానీ రాయ్‌కి చెబితే అందరికీ చెప్పినట్టే. నేను మనసులో మాట చెప్పుకునేది ఈ లోకంలో ఇద్దరికే. ఫెర్గస్ సంగతులు నీతో చెప్పుకునేదాన్ని, నీ సంగతులు వాడితో. ఆ రోజు కారెక్కుతూ కిటికీలోంచి ఆ స్వెటర్ చూసినప్పుడు, ఇక మీరిద్దరూ మీ మాటలు మీరే చెప్పుకుంటారు, నేను ఇలా వానలో బయట నిలబడాల్సిందే అనిపించింది. దారంతా ఏడ్చాను. రాయ్ ఓడినందుకే అనుకుని ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. జూన్ చలిలో ఐస్‌క్రీమ్! తిన్నాను కూడా.

విలుకాళ్ళ అబద్ధానికి నన్ను క్షమించు. నిన్ను తలుచుకున్న మాట మాత్రం అబద్ధం కాదు. బల్లేల వాళ్ళకి రంగులేస్తూ నిజంగానే తలుచుకున్నాను. ఎక్కువగా తిట్టుకుంటూ.

నువ్వు ఏడ్చావని చదివి నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. అదీ కారణమే, జవాబు రాయకపోవడానికి. ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

వాడికి తిండి దగ్గర పేచీ లేదు. జ్వరం వస్తే మాత్రం చచ్చిపోతున్నానంటాడు, నమ్మకు. కోపమొస్తే మాట్లాడడు, నిచ్చెన తీసుకుని ఎవరిదో ఒక పైకప్పు ఎక్కుతాడు, ఆకలేస్తే అదే దిగుతాడు. వాడంత నమ్మకమైనవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. ఈ ముక్క వాడికి చదివి వినిపించావంటే నిన్ను చంపేస్తాను.

ఆడపడుచు అని రాశావు. ఇంకెప్పుడైనా అలా రాస్తే నేనూ ఆడపడుచులాగే ప్రవర్తిస్తాను.

జనవరిలో వస్తాను. పెళ్ళికూతురి పక్కన నిలబడతాను. నేను నీ తరఫు, ముందే చెబుతున్నాను. నీకు ఇక్కడ అమ్మా లేదు, అక్కా లేదు, బదిలీ మీద వచ్చినదానివి, నీ వైపు ఎవరున్నారు? పెళ్ళికొడుకు పక్కన ఎవరు నిలబడతారో వాడినే వెతుక్కోమను. రాయ్‌ని అడుగుతాడేమో, అడగొద్దని చెప్పు. రాయ్‌ని నేను ఇందాకే మన వైపుకి మాట్లాడేసుకున్నాను. మీ క్లబ్బు వాళ్ళకి కూడా రేపు ఒక్కొక్కరికీ ఉత్తరాలు రాస్తున్నాను.

నీ ఐల్సా